చేతి గుణమా, దీపం గుణమా

“ఇది గ్యాస్‌నూనెనా, మురిగిన కోడిగుడ్ల చారా?”

సీసా ఠక్కుమని బల్ల మీద పడ్డది. దుకాణంల కూసోని ఉర్దూ పుస్తకమేదో చదువుకుంటున్న గోవర్ధన్ ఉలిక్కిపడి తలెత్తిండు. ఎదురుంగ గోనెసంచి కొప్పెర నెత్తి మీద ఏసుకొని సుభద్ర నిలబడ్డది. ముక్కు కొస నుంచి వాన చుక్కలు కారుతున్నయి గని, మొఖం మాత్రం పొయ్యి మీది పెంక తీరుగ ఉంది.

గద్వాలల శ్రావణం ముసురు పట్టి అయిదు దినాలు. అటు దేశదేశాల లడాయి మొదలై నాలుగేండ్లు. లడాయి మన దిక్కు రాలేదు, దాని పుణ్యమాని కంట్రోలు మాత్రం వచ్చింది. బియ్యం కంట్రోలు, చక్కెర కంట్రోలు, దీపాలల్ల పోసే గ్యాస్‌నూనె కూడ కంట్రోలే.

“మురిగిన గుడ్ల చారు నువ్వెప్పుడు తాగినవ్?” అన్నడు గోవర్ధన్.

ఆ మాట అనొద్దుండె. కని హైదరాబాదుల బీఎస్సీ పాసై మొన్ననే ఇల్లు చేరినోడు, సాలెవాడ పిల్లలతోని ఎట్ల మాట్లాడాలెనో ఏ పుస్తకంల చదవలే పాపం.

“తాగలే. నాలుగు బుడ్డిదీపాలు ముట్టించుకొని పొద్దంత దాని పక్కన కూసుంటున్న. నువ్వొక్క పూట కూసో, చదివిన చదువంత ముక్కుల నుంచి బయటకొస్తది.”

“నేనేమన్న తయారు చేసిన్నా? టిన్నుల ఏదొస్తే అదే పోస్తున్నం. మంచి నూనె విమానాలకు, మోటర్లకు పోతుంది. మనకు మిగిలింది గిది.”

“మరి గీ వాసనేంది?”

“గంధక్ ఉంటది దాంట్ల. సల్ఫర్. భూమిలకెళ్లి నూనెతోని పాటే వస్తది. ఎప్పుడైతే తీసేసి పంపుతరు. ఇప్పుడు తీసే తీరిక లేనట్టుంది.”

“తీసే ఉపాయం ఉందన్నట్టు. అయితే తియ్యి.”

“నేనా?”

“నువ్వు గాకపోతే ఎవరు? ఈ వాడల సైన్స్ చదివినోడు నా కొడుకొక్కడే అని మీ నాయిన డప్పు కొట్టుకుంట తిరుగుతుండె గదా.”

గోవర్ధన్‌కు నవ్వాగలేదు. అది ఆయన చేసిన రెండో తప్పు. సుభద్ర సీసా చంకల పెట్టుకొని గిర్రున తిరిగింది.

“పేరన్న చెప్పి పో!”

“కంట్రోల్ చీటీ మీద మా నాయిన పేరుంది. చదువొచ్చు గదా, చదువుకో!”

చదువుకున్నడు. కురుమూర్తి అని ఉంది. చదివి, చేతిల పుస్తకం మూసి పక్కన పెట్టిండు. ఎందుకంటే కురుమూర్తి, గోవర్ధన్ నాయిన మాసయ్య ఒకప్పుడు పక్కపక్క మగ్గాల మీద నేసినోళ్లు, వరుసకు బావబామ్మర్దులు. మాసయ్య మగ్గం దిగి దుకాణం పెట్టిన దినం నుంచి, పన్నెండేండ్లాయె, ఒకల గడప ఒకలు తొక్కలే.

*

కురుమూర్తి సాలెవాడల పేరుమోసిన పనోడు. గద్వాల చీరంటే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, దాని మీద జరి. మూడింటిని అతుకు కనపడకుంట కలిపి నేసుడు అందరితోని అయ్యేది కాదు. గట్లాంటి మనిషికి రెండేండ్ల కింద కుడిచెయ్యి పడిపోయింది. కొడుకులు లేరు. ఉన్న ఒక్క బిడ్డ మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసుంది.

ఆడోళ్లు నూలు కండెలు చుడతరు, ఆసు పోస్తరు, గంతవరకే. మగ్గమెక్కి జరికొంగు నేసిన ఆడపిల్లను ఆ వాడ అంతకుముందు చూడలే. “నలుగురు నాలుగు మాటలంటరు బిడ్డా” అని కురుమూర్తి వీధి తలుపు మూసిండు, కిటికీలు మూసిండు. పట్టపగలే నాలుగు బుడ్లు ముట్టించి, పక్కన కూసోని నోటితోనే పనంత నేర్పిండు. ఆయన నేర్పింది గంపెడైతే ఆమె నేర్చుకున్నది బండెడు.

ఇప్పుడు మగ్గం మీదున్నది వనపర్తిల ఒక పెండ్లిపిల్ల చీర. పట్టూ జరీ ఇచ్చి నేయించుకునే సావుకారి వెంకట్రాములు, నూనె కొట్లాటైన మూడో దినం చూసిపోదామని వచ్చిండు. చుట్టిన బట్ట విప్పి బుడ్డి దగ్గరకు జరిపిండు. ఆయన మొఖం మాడిపోయింది.

కొంగు మీద జరితోని నేసిన కోటకొమ్మలు తెల్లారి ఎండ తీరుగ మెరవాలె. మెరుస్తలేవు. పది దినాల కింద నేసిన జరి నల్లబడ్డది. మొన్న నేసింది నలుపెక్కుతుంది.

“ఇది సూరత్ జరి,” అన్నడు వెంకట్రాములు మెల్లగ. “నేనే కొన్న. నేనే కొలిమిల ఏసి చూసిన. అసలుది. తమ్మీ, అదే కట్టల జరి లచ్చలు పక్కింట్ల నేస్తుండ్రు, ఎదురింట్ల నేస్తుండ్రు. వాళ్లకు నల్లబడలే.”

 సుభద్ర నల్లబడ్డ పోగును గోటితోని గీకి చూసింది.

“పెదనాయినా, మరెందుకైంది?”

వెంకట్రాములు చెడ్డోడు కాదు. చెడ్డోడైతే అరిచిపోయెటోడు, వీళ్లూ నాలుగు తిట్టి మరిచిపోదురు. ఆయన బాధపడుకుంట చెప్పిండు, అదింక తగిలింది. “చేతి గుణం బిడ్డా. కొందరి చేతి చెమట జరికి పడది. ఎవరి తప్పూ లేదు, పుట్టుకతోని వస్తది. మా తాతల నాటి నుంచి చూస్తున్నం.”

సాలెవాడల ఆ మాటకు ఎదురు లేదు. ఒకసారి ‘నల్లచెయ్యి’ అన్న పేరొచ్చిందంటే ఇగ బతికినన్ని దినాలు ఏ సావుకారీ ఆ చేతికి జరి ఇయ్యడు. గోచీ గుడ్డలు నేసుకోవాలె, లేకుంటే కండెలు చుట్టుకోవాలె.

“పున్నమి దాక ఆగుత,” అన్నడు వెంకట్రాములు లేస్తూ. “ఆ తర్వాత ఈ మగ్గం మీదికెళ్లి జరి దించేసి మాట్లాడుకుందాం. వేరే నూలు చీరలిస్త, పస్తులుంచ.”

ఆయన పోయినంక సుభద్ర రెండు చేతులు బుడ్డి దగ్గర పెట్టి తిప్పితిప్పి చూసుకుంది. ఎప్పటి చేతులే. ఎంత చూసినా వాటి మీద తప్పేం కనపడలే. గుండె పగిలేటట్టు ఏడ్చింది.

*

తెల్లారి తలుపు చప్పుడైతే జైనబ్ తీసింది. జైనబ్ పక్కింటి బొగ్గుల బషీర్ బిడ్డ, సుభద్రకు చిన్ననాటి దోస్తు. రాత్రి నుంచి సుభద్ర అన్నం ముట్టలేదని తెలిసి పొద్దుగాలనే వచ్చి కూసుంది.

“సుభద్ర ఉందా?” అన్నడు గోవర్ధన్, చేతిల సీసాతోని.

“పేరు దొరికినట్టుంది!” అంది జైనబ్. “చదువుకున్నోళ్లు పరేషాన్ పడైనా సంపాయిస్తరు.”

“మొన్న నవ్వొద్దుండె. వేరే టిన్నులకెళ్లి తెచ్చిన. జర వాసన తక్కువుంది.”

“ఇగ నాకు దీపమెందుకు?” లోపట్నుంచి సుభద్ర గొంతు. “పున్నమి పోతే నాకు మగ్గమే ఉండది.”

సుభద్ర కండ్లు చూసి గోవర్ధన్ గడప కాడనే ఆగిండు. కురుమూర్తి తలూపి లోపటికి రమ్మన్నడు. జరిగింది జైనబే చెప్పింది. వినుకుంట వినుకుంట గోవర్ధన్ రెండుసార్లు తుమ్మి, మూడుసార్లు దగ్గి, కండ్లు తుడుచుకున్నడు.

“ఈ గదిల మనుషులెట్ల ఉంటరు? నాకు దమ్మాడుతలేదు.”

“మేముంటలేమా? నువ్వు హైదరాబాదు ముక్కు పట్టుకొచ్చినవ్,” అంది సుభద్ర.

గోవర్ధన్ ఆ ముక్కు పైకెత్తే ఉంచిండు. పైన గోడ గూట్ల ఒక వెండి బిళ్ల ఉంది. బొగ్గుముక్కోలె నల్లగుంది.

“దాన్ని రోజు ముడతవా?” అని సుభద్రను అడిగిండు.

“అంత ఎత్తు నాకు అందనే అందది. మా అమ్మ ఉన్నప్పుడు పెట్టింది.”

“మరి అదెట్ల నల్లగైంది?”

 జైనబ్ తన చేతి కడియం చూసుకొని “అరె!” అంది. “నాది కూడ. పొయ్యిల రాఖ్ పెట్టి తోముతనే ఉన్న, మళ్ల నల్లగైతనే ఉంది. రోజు ఇక్కడ కూసునే నా చెయ్యి కూడ నల్లచెయ్యేనా?”

“చెయ్యి కాదు, దీపం,” అన్నడు గోవర్ధన్. మొదటిసారి ఆయన గొంతుల ఎకసెక్కం లేదు. “జరి పోగంటే లోపల వెండి, పైన సన్నటి బంగారు పూత. వెండికీ గంధకానికీ జన్మవైరం. పక్కిండ్లోళ్లు తలుపులు తీసి, ఎండ ఎలుతురుల నేస్తరు. మీరు ఈ చెమ్మల తలుపులు బిగించి నాలుగు బుడ్లు పెట్టిన్రు. పొగల ఉన్న గంధక్ ఎటు పోతది? పోయి జరి మీద కూసుంది.”

మగ్గం గుంటల కూసున్న సుభద్ర లేచి నిలబడ్డది. “అంటే నా చెయ్యి కాదు.”

“కాదు.”

“మళ్ల చెప్పు.”

“నీ చెయ్యి కాదు సుభద్రా.”

ఆమెకు నవ్వొచ్చింది, దాని ఎనకనే ఏడుపొచ్చింది. రెండూ తుడుచుకున్నంక ఒక ప్రశ్న కూడ వచ్చింది.

“ఆ నూనె ఎవరిది?”

గోవర్ధన్ చేతిల ఉన్న సీసా కింద పెట్టిండు. “మాదే.”

“అయితే నడువు. వెంకట్రాములు పెదనాయినకు ఇప్పుడే చెప్పు.”

“ఉత్త మాటకు నమ్ముతడా? తాతల నాటి మాట తప్పు, నిన్నటి పోరని మాట ఒప్పు అని ఎవరన్న అంటరా? గంధక్ తీసిన నూనె, తియ్యని నూనె పక్కపక్కన పెట్టి కండ్లకు చూపాలె. వారం టైం ఇయ్యి.”

“అందాక ఆముదం దీపం పెట్టుకోమంటవా? దాని ఎలుతురుల జరిపోగు కనపడది.”

“అందాక నెయ్యకు. వారం. మాట.”

*

వారం పోయింది. తొమ్మిదో దినం కూడ పోయింది. పున్నమికి ఇంక ఆరు దినాలు. మాట ఇచ్చిన మనిషి పత్తా లేడు. దుకాణంల మాసయ్యే కూసోని అదే నూనె అట్లనే కొలిచి పోస్తుండు.

“దాసుకున్నడు,” అంది సుభద్ర. “దుకాణం పరువు పోతదని దాసుకున్నడు. చూసినవా, ఎంత తియ్యగ మాట్లాడిండో!”

“మాట్లాడింది పోనియ్యి, నువ్వెంత తియ్యగ విన్నవో నేను చూసిన,” అంది జైనబ్. “పోయి ముక్కు మీద గుద్దొద్దాం, నడువు.”

మాసయ్య ఇంటి ఎనక దొడ్డి తలుపు నూకేసరికి, గోవర్ధన్ రేకుల కింద గొంతుకూసోని ఉన్నడు. మోచేతుల దాక బొగ్గు మసి. చుట్టూ పిడికెడంత ముక్కలైన కుండలు, పొత్తి గుడ్డలు, సీసాలు. పక్కన పీట మీద వరుసగ వెండి రూపాయలు, అన్నీ నల్లగ.

“గివేంది?” అంది సుభద్ర, తిట్టడానికి తెచ్చుకున్న మాటలు మరిచిపోయి.

“మా నాయిన పెట్టెలయి. నూనె దీపం మీద వేలాడదీసి చూస్తున్న. నల్లగైతే గంధక్ ఉన్నట్టు. ఆయన చూస్తే నన్ను గూడ గదే రంగు చేస్తడు.” నవ్విండు గని, నవ్వుల సత్తువ లేదు. “బషీర్ మామ కాడ బొగ్గు కొన్న. నూరి, కుండల నింపి, నూనె దాంట్లకెళ్లి వడగట్టిన. రంగు పోయింది. వాసన సగం పోయింది. రూపాయి మాత్రం నల్లగైతనే ఉంది. తొమ్మిది దినాల నుంచి గిదే. ఏ మొఖం పెట్టుకొని మీ ఇంటికి రావాలె?”

“నువ్వు దుకాణం పరువు కోసం దాసుకున్నవనుకున్న.”

ఆయన మొఖం చిన్నబోయింది. “గట్లనుకున్నవా?”

“అనుకున్న.” అబద్ధమాడుడు ఆమెకు చేతకాదు. “ఇప్పుడనుకుంటలేను. పుస్తకంల ఏమని రాసిండ్రు, చెప్పు.”

“కొన్ని తీర్ల మట్టి ఉంటదట. గింజ గింజల కండ్లకు కనపడని బొక్కలుంటయి. నూనె కిందికి దిగుతది, గంధక్ మాత్రం మట్టిని పట్టుకొని ఆగిపోతది. దాని విలాయతి పేరు రాసిండ్రు. అది గద్వాలల ఏడ దొరుకుతది?”

సుభద్ర నడుముకు చేతులు పెట్టుకుంది. “పట్టుచీర మీద నూనె మరక పడితే ఏం చేస్తరు?”

“సబ్బు పెట్టి...”

“సబ్బా! నీ తాత వింటే తల కొట్టుకుంటడు. మగ్గం దిగితే గింత తెలివి కూడ పోతదా?”

“ఏం చేస్తరో చెప్పరాదు!”

“తెల్లమన్ను చల్లుతం. శ్రీరంగాపూర్ దిక్కు నుంచి బండ్ల మీద తెస్తరు. ఒక పూట ఆగి దులిపితే మరక మన్నుకు ఎక్కుతది, పట్టు పట్టే మిగుల్తది. నూనెను తాగే మన్ను, నూనెల ఉన్న మైలను తాగదా?”

గోవర్ధన్ ఆమె దిక్కు చూసిన చూపు ఉందే, పరీచ్చల మొదటి నంబరొచ్చినా ఎవరూ గట్ల చూడరు. జైనబ్ కావాలని రేకుల మీది వాన లెక్కపెట్టింది.

మాపటికల్ల సుభద్ర ఒక గంపెడు మన్ను తెచ్చింది. గోవర్ధన్ ఆత్రంగ కుండల పొయ్యబోతే చెయ్యి పట్టుకొని ఆపింది. పట్టుకున్నంక తెలిసింది పట్టుకున్నానని, గబుక్కున ఇడిచిపెట్టింది.

“పచ్చిది పని చెయ్యది. ముసురుకు చెమ్మ తాగి ఉంది. పెంక మీద ఏపాలె. మా ఇంట్ల గంతే చేస్తం, ఎందుకో మాకు తెల్వదు.”

“నాకు తెలుసు!” గోవర్ధన్ ఎగిరినంత పని చేసిండు. “బొక్కలన్నీ నీళ్లతోని నిండి ఉంటయి. ఏపితే నీళ్లు ఆవిరై పోతయి. బొక్కలు ఖాళీ అయితయి.”

“గద్వాల టేషన్‌ల రైలు డబ్బా తీరుగనా? లోపటోళ్లు దిగితేనే బయటోళ్లు ఎక్కాలె.”

“అగో, అచ్చం గదే! నాలుగేండ్లు చదివిన, ఒక్క ప్రొఫెసరు గింత సక్కగ చెప్పలే.”

“ముందు ఆ నూనె టిన్ను పొయ్యి కాడికెళ్లి తియ్యి, ప్రొఫెసరూ. మన్ను ఏగుడు సంగతి తర్వాత, ముందు ఇల్లు కాలుతది.”

పొయ్యి దూరం పెట్టిన్రు. మన్ను ఏపి, చల్లారబెట్టి, అడుగుకు బొక్కవెట్టిన మూడు కుండలల్ల దూది పరిచి నింపిన్రు. ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన్రు. మీది కుండల నూనె పోస్తే కింది కుండల నుంచి ఒక్కొక్క చుక్కే దిగాలె. ఆ చుక్కల కోసం రెండు దినాలు పొద్దంత ఇద్దరూ ఎదురుబొదురు కూసున్నరు. ఆయన మన్ను గురించి చెప్పిండు, ఆమె అంచు గురించి చెప్పింది. నడుమ ఒక్కోసారి ఇద్దరూ ఏం చెప్పలేదు, అదే బాగుండె.

దిగిన నూనెతోని బుడ్డి ముట్టించి, తోమిన రూపాయిని దాని మీద పొద్దుగాలకెళ్లి పొద్దుగూకే దాక వేలాడదీసిన్రు. విప్పి చూస్తే రూపాయి తెల్లగనే ఉంది.

గోవర్ధన్ ఆ రూపాయి సుభద్ర అరచేతిల పెట్టి, ఆ చెయ్యి ఇడువకుంట పట్టుకున్నడు.

“ఈ చెయ్యి నల్లదని ఎవడన్నడు?”

సుభద్ర చెయ్యి తీసుకోలే. జైనబ్‌కు అప్పుడే పెద్ద దగ్గొచ్చింది.

*

పరీచ్చ వెంకట్రాములు ఇంట్లనే పెట్టిన్రు. ఆయన వసారా గోడకు తలుపులున్న గూళ్లు రెండున్నయి. ఒక దాంట్ల దుకాణం నూనె పోసిన బుడ్డి పెట్టి, జరి లచ్చను వెంకట్రాములే తన చేత్తోని వేలాడదీసిండు. రెండో దాంట్ల తెల్లమన్నుతోని కడిగిన నూనె బుడ్డి. అందుల కట్టే లచ్చను సుభద్ర రెండు అరచేతుల నడుమ పెట్టుకొని, చెమట పట్టేదాక నలిపి ఇచ్చింది. పొగకు సందు ఇడిచి తలుపులు దగ్గరికేసిన్రు. రోజు పొద్దుగాల నూనె పోసుడు వెంకట్రాములు పని. మూడు దినాల గడువు.

మూడో దినం పొయ్యేటప్పుడు బాటల సుభద్ర గోవర్ధన్‌ను ఆపింది.

“ఒక్క మాట. అక్కడ దుకాణం పేరెత్తకు. లడాయి నూనె అను, చాలు. మీ నాయిన గూడ వస్తుండట.”

“వస్తుండు. అంతా చెప్పిన. రెండు దినాల నుంచి నాతోని మాట లేదు.”

“మరి చెప్పకు.”

గోవర్ధన్ ముందుకు నడిచిండు.

వసారా నిండ జనం. వెనక, గొడుగు కర్ర మీద గదుమ ఆనించి మాసయ్య. ఆయనకు ఈ దిక్కు తిరగకుంట కురుమూర్తి. వెంకట్రాములు ముందుగాల తన చేత్తోని కట్టిన లచ్చ తీసిండు. మాడిన జొన్నరొట్టె అంచు తీరుగ నల్లగుంది. జనంల గుసగుస. రెండో గూడు తీసిండు. సుభద్ర మునివేళ్ల మీద లేచింది.

జరి ధగధగ మెరిసింది.

వెంకట్రాములు రెండు లచ్చలు రెండు చేతులల్ల పట్టుకొని ఎలుతురుకు పెట్టి చూసిండు. “నేను కట్టింది నల్లబడ్డది. పిల్ల నలిపింది మెరుస్తుంది.” లచ్చలు అందరికీ కనపడేటట్టు ఎత్తిండు. “అయితే ఇన్నేండ్లు మనం ఎంతమంది చేతులను అన్నమో!” తర్వాత తలెత్తి అడిగిండు. “జరిని నల్లగ చేసిన ఈ నూనె ఏడిది?”

“లడాయి నూనె పెదనాయినా,” అంది సుభద్ర గబగబ. “ఊరంత గదే కదా.”

“మా దుకాణంది,” అన్నడు గోవర్ధన్. “నేనే కొలిచి పోసిన. వాసనొస్తుందని ఈమె వచ్చి చెప్తే నవ్విన. ఆ దినమే ఇని ఉంటే ఆ కొంగు గింత నల్లబడకపోతుండె. తప్పు మాది.”

 మాసయ్య గొడుగు తీసుకొని ఎవరి దిక్కూ చూడకుంట ఎల్లిపోయిండు. ఆయన ఎనక గోవర్ధన్ తలొంచుకొని పోతుంటే సుభద్ర గడప దాక వచ్చి చూసింది. తన చెయ్యి గెలిచింది గని, ఆయన ఇల్లు ఓడిపోయింది.

వెంకట్రాములు కొత్త జరి కట్ట తెచ్చి, నలుగురి ముందర ఆమె చేతిల పెట్టిండు. “నల్లబడ్డ కొంగు మళ్ల నెయ్యి. తలుపులు తీసి నెయ్యి బిడ్డా. చూసేటోళ్లు చూస్తరు. చూడనియ్యి.”

*

తెల్లారి మాసయ్య దుకాణం తియ్యలే. ఆ తెల్లారీ తియ్యలే. వాడల ఏమేమో అనుకున్నరు. మూడో దినం పొద్దుగాల తలుపులు బార్లా తీసి సుభద్ర మగ్గమెక్కితే, గడపల మాసయ్య నిలబడి ఉన్నడు.

“బావా, లోపటికి రావచ్చునా?” అన్నడు.

కురుమూర్తి ఎడమ చేత్తోని చాప పరిచిండు.

“దుకాణంల పది కుండలు పెట్టించిన,” అన్నడు మాసయ్య కూసుంట. “మన్ను పట్టకుంట ఇగ ఒక్క చుక్క పొయ్యను. మొదలు కోపమొచ్చింది మా గోవర్ధన్ మీద. తర్వాత ఆలోచించిన. నేనైతే నలుగురిల గట్ల ఒప్పుకుందునా? ఒప్పుకోకపోదును. నాకంటె మంచోడే పుట్టిండు.” ఆగి, మగ్గం దిక్కు చూసిండు. “ఆ మన్ను సంగతి చెప్పిన పిల్ల మా ఇంటికొస్తే బాగుండని అడగొచ్చిన. వానికి అడిగే ధైర్యం లేదు. బయట నిలబడ్డడు.”

నిజమే. వీధిల, సన్నటి తుంపురుల, గోవర్ధన్ తడుసుకుంట నిలబడి ఉన్నడు.

కురుమూర్తి బిడ్డ దిక్కు చూసిండు. సుభద్ర మొఖం కుంకుమైంది. అయినా పోగును అటూ ఇటూ తీసుకపోయే నాడె ఆపి, తలెత్తకుంట స్పష్టంగ చెప్పింది.

“నాకిష్టమే. ఆయనంటే శానా ఇష్టం. కని మగ్గం ఇడువ మామా. మీ ఇంట్ల మగ్గమేది?”

 మాసయ్య వీధిల ఉన్న గోవర్ధన్ దిక్కు చూసిండు. గోవర్ధన్ అక్కడ లేడు.

సుభద్ర వీధి దిక్కు తొంగి చూసింది. అనొద్దుండెనా? మగ్గం మాట తర్వాత చెప్తే అయిపోతుండె గదా? జైనబ్ వచ్చి పక్కన కూసోని “ఉరుకు, కాళ్ల మీద పడు” అంటే నవ్వు కూడ రాలే. ఆ పూటంత మగ్గం మీద పేక ఒక్క పోగు సక్కగ పడలే.

మాపటేల గోవర్ధన్ వచ్చిండు. మోకాళ్ల దాక, మోచేతుల దాక ఎర్రమట్టి. చేతిల గడ్డపార.

“మా ముందరింట్ల మగ్గం గుంట తవ్వుతున్న,” అన్నడు ఆయాసపడుకుంట. “వీధి తలుపుకు ఎదురుంగనే, ఎలుతురుకు. మామా, ఎంత లోతు తవ్వాలె? మా నాయినను అడిగితే నేసేటోళ్లనే అడుగుమన్నడు.”

“నేసే మనిషి మోకాలు కాడికెళ్లి మడిమ దాక ఎంతో గంత,” అన్నడు కురుమూర్తి తాపీగ. “ఒకల కొలత ఒకలకు పనికిరాదు.”

గోవర్ధన్ మొఖం మట్టి కంటే ఎర్రగైంది. గోడ దిక్కు చూసిండు, వాసాల దిక్కు చూసిండు, అడగాల్సిన మనిషి దిక్కు మాత్రం చూడలే. జైనబ్ కొంగు నోట్ల కుక్కుకుంది.

సుభద్ర లేచి లోపటికి పోయింది. ఒక పట్టుదారం తీసుకొని, తలుపు చాటున కూసోని, మోకాలు నుంచి మడిమ దాక కొలిచి రెండు కొసలకు ముడేసింది. బయటికొచ్చి ఆయన ముందర నిలబడ్డది.

“చెయ్యి కడుక్కో ముందు. పట్టుకు మన్ను అంటుతది.”

కడుక్కున్నడు. అరచెయ్యి సాపిండు. ఆమె దారం పెట్టింది. ఆయన దాన్ని చూసిండు, ఆమెను చూసిండు, మెల్లగ మడిచి, అంగీ జేబుల గుండె మీద పెట్టుకొని అట్లనే నిలబడ్డడు. కాలు కదిలితే ఒట్టు.

కురుమూర్తి గొంతు సవరించుకున్నడు.

“అల్లుడా, కొలత జేబుల పెట్టుకొని ఇక్కడ నిలబడితే అక్కడ గుంట ఎవరు తవ్వుతరు?”